సున్నా దగ్గర మిగిలిన వేడి

బెంగుళూరు
11 జూన్ 2001

అన్నా,

"నువ్వు అక్కడ ఏం చేస్తున్నావో నాకు అర్థమయ్యేటట్టు రాయి, షాపుకు వచ్చినవాళ్లు అడిగితే నోరు తెరిచి నిలబడుతున్నాను" అని రాశావు. నేను పరిశోధనలో చేరి నాలుగేళ్లయింది. ఇప్పటికైనా అడిగావు, సంతోషం. కోరుట్ల బస్టాండు పక్కన ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషికి నేను చలి గురించి చెప్పడమంటే కల్లు గీసే గౌండ్లాయనకు దాని రుచి చెప్పడమే. అయినా చెబుతాను.

నా దగ్గర బియ్యపు గింజలో సగమంత నల్లటి స్ఫటికం ఉంది. అందులో రాగి, ఆక్సిజన్, ఇంకో రెండు లోహాలు ఉంటాయి. బాగా చల్లబరిస్తే అందులో కరెంటు ఏ నష్టమూ లేకుండా పారుతుంది. ఇలాంటివాటిని సూపర్ కండక్టర్లంటారు. పాత రకాలు విపరీతంగా చల్లబరిస్తే గాని దారికి రావు. ఈ రాగివి మైనస్ నూట ఎనభై దగ్గరే వస్తాయి. అందుకే వీటిని 'అధిక ఉష్ణోగ్రత' సూపర్ కండక్టర్లని పిలుస్తారు. నవ్వకు, పేరు నేను పెట్టలేదు.

నేను కొలిచేది కరెంటును కాదు, వేడిని. స్ఫటికానికి ఒక కొసన చిన్న హీటరు, రెండో కొసన చలి, మధ్యలో రెండు థర్మామీటర్లు. ఇటు ఇచ్చిన వేడిలో అటు ఎంత చేరిందో చూస్తాను. ఇదంతా మైనస్ రెండువందల డెబ్బైమూడు దగ్గర, అంటే ఇక చల్లబడడానికి చోటే లేని సున్నాకు పదోవంతు డిగ్రీ దూరంలో.

సూపర్ కండక్టరులో ఎలక్ట్రాన్లు జంటలు కడతాయి. జంటలు కరెంటును మోస్తాయి గాని వేడిని మోయవు. ఈ రాగి పదార్థంలో మాత్రం కొన్ని దిక్కుల్లో జంట సరిగ్గా కుదరదు, కొన్ని ఒంటరిగా మిగిలిపోతాయి. ఎంత చల్లబరిచినా ఆ కొన్నీ కాస్తంత వేడి మోస్తూనే ఉండాలని లెక్క చెబుతోంది. ఆ కాస్తను పట్టుకోవడమే నా పని.

జంట కుదరనివే బరువు మోస్తాయన్నమాట. ఇది చదివితే నీకెవరైనా గుర్తొస్తే తప్పు నాది కాదు. నీకు ముప్పై వచ్చేలోపు అవ్వ మాట ఒకసారి విను.

నీ చెల్లె
సుమలత

---

కోరుట్ల
25 జూన్ 2001

చెల్లె సుమకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మాట్లాడితే మన భాష, పెన్ను పట్టుకుంటే బడి పుస్తకం భాష. ఇద్దరికీ ఒకటే సారు చదువు చెప్పాడు మరి, ఏం చేస్తాం.

మైనస్ నూట ఎనభై అధిక ఉష్ణోగ్రతా? ఆ పేరు పెట్టిన పెద్దమనిషిని మే నెలలో కోరుట్లకు పంపించు. మన రేకుల ఇంట్లో ఒక మధ్యాహ్నం కూర్చోబెడతాను, పేరు ఆయనే మార్చుకుంటాడు.

అవ్వకు చెప్పాను, "నీ బిడ్డ చలిల వేడి ఎతుకుతున్నదే" అని. బీడీలు చుట్టడం ఆపకుండానే, "గీడ గింత ఉడుకపోత ఉండంగ గంత దూరం పోయి ఎతుకుడేంది? ఎంత గావాల్నో రాయమను, బస్తాలకెత్తి పంపిస్త" అన్నది.

జంటలు వేడి మోయవంటావా? మన గల్లీలో పెండ్లయిన వాళ్ల ఇండ్ల ముందు నుంచి పొద్దున్నే ఒకసారి నడిచి చూడు. వేడి వాకిట్లోకే తగులుతుంది. నేను ఒంటరిగా హాయిగా ఉన్నాను.

షాపు బాగానే నడుస్తోంది. వానలు మాత్రం లేవు. మబ్బు వస్తుంది, ధర్మపురి దిక్కు చూస్తుంది, పోతుంది.

ఒకటి అడుగుతాను, నవ్వొద్దు. సగం బియ్యపు గింజకు హీటరు, రెండు థర్మామీటర్లు ఎట్లా అతికిస్తారు? వెల్డింగు చేస్తే గింజే మిగలదు కదా.

సతీశ్

---

బెంగుళూరు
8 ఆగస్టు 2001

అన్నా,

ముందు నీ ప్రశ్నకు జవాబు. వెల్డింగు లేదు. వెంట్రుక కన్నా సన్నటి బంగారు తీగలను స్ఫటికం మీద వెండి లేపనంతో అంటిస్తాము. సూదిమొనతో, ఊపిరి బిగబట్టి. తుమ్ము వస్తే ఆ రోజు పని పోయినట్టే.

ఇప్పుడు అసలు వార్త. వేడి మాయమైంది. చల్లబరుస్తూ పోతుంటే మొదట అంకెలన్నీ లెక్క ప్రకారమే వచ్చాయి. చిట్టచివర, అన్నిటికన్నా చల్లగా దిగిన చోట, మిగలవలసిన ఆ కాస్త వేడి కూడా జారిపోయి సున్నా వైపు పడిపోయింది. మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ అంతే. ఇది నిజమైతే ఈ పదార్థం గురించి పదేళ్లుగా చెప్పుకుంటున్న లెక్క తప్పినట్టు. మా గైడు సార్ ఎప్పుడూ తొందరపడని మనిషి. ఆయనే నిన్న భోజనం మానేసి నా గ్రాఫు ముందు కూర్చున్నారు. వ్యాసం రాయడం మొదలుపెట్టాము.

ఇంకో మాట. నీ ఉత్తరం పైన 'కోరుట్ల' అని ఉంది. కవరు మీద ముద్ర మాత్రం సిరిసిల్ల పోస్టాఫీసుది. కొలతలు చదవడమే నా వృత్తి అన్నా. కోరుట్ల ఎప్పుడు లేచి సిరిసిల్ల పక్కకు నడిచిందో వివరంగా రాయగలవు.

సుమ

---

సిరిసిల్ల
19 ఆగస్టు 2001

చెల్లె,

దొరికిపోయాను. ఈసారి పైన సరిగ్గానే రాశాను, ముద్రతో పోల్చి చూసుకో.

ఇక్కడ మరమగ్గాల మోటార్లు బాగుచేసే పని దొరికితే వచ్చాను. కొన్నాళ్లే. ఆదివారం ఇంటికి పోయి అవ్వను చూసి వస్తున్నాను. ఆమె మాటలు నేను కల్పించి రాయలేదు.

నర్సింగమన్న అని ఒక ఆయన ఇంట్లో ఉంటున్నాను. ముందు గదిలో నాలుగు మగ్గాలు, వెనక గదిలో మనుషులు. ఆయన భార్య సారక్క వదినె రోజంతా మగ్గానికి నూలు కండెలు చుడుతుంది. మగ్గాలు నడుస్తుంటే మాట వినబడదు, పెదవులు చూసి అర్థం చేసుకోవాలి. భార్యాభర్తలు కొట్లాడినా చప్పుడు రాదు. నీ సంగతి చెబితే నర్సింగమన్న అడిగాడు: "గంత సల్లగ జేస్తే మీ చెల్లెకు సలి పెట్టదా?" అని. నీకు ఒక దుప్పటి నేసి ఇస్తాడట.

మునుపటిలాగా గుడ్డ కొనేవాళ్లు రావడం లేదు. వారంలో మూడు రోజులు మగ్గాలు నిలిచే ఉంటున్నాయి. నిలిచిన రోజు నేను మోటార్లు విప్పి తుడుస్తాను.

నీ వేడి గురించి నాకొక అనుమానం. ఫ్రిజ్ చల్లబడకపోతే గ్యాసు అయిపోయిందంటారు అందరూ. పదిసార్లలో ఏడుసార్లు అది అయిపోదు, అతుకు దగ్గర పోతుంది. నల్లబడిన రాగి మీద టంకం పెడితే పట్టినట్టే కనబడుతుంది గాని పట్టదు. గీకి, తోమి, ఎర్రటి రాగి కనిపించాకే పెట్టాలి. మీ స్ఫటికం పుట్టుకతోనే నల్లది. వేడి నిజంగా మాయమైందా, లేక అతుకు దగ్గరే ఆగిపోయి లోపలికి పోలేదా? నర్సింగమన్నకు చెబితే, "పెద్ద సదువుల్ల నువ్వు వేలు పెట్టకు తమ్మీ" అన్నాడు. పెట్టేశాను.

సతీశ్

---

బెంగుళూరు
30 ఆగస్టు 2001

అన్నా,

ఉత్తరం అందింది. ఇది ఫ్రిజ్ కాదు. హీటరు ఇచ్చిన వేడి స్ఫటికంలోకి పోతూనే ఉంది, థర్మామీటర్లు చూపిస్తూనే ఉన్నాయి. వేడిని స్ఫటికంలోని పరమాణువుల వణుకు కూడా మోస్తుంది, ఎలక్ట్రాన్లు కూడా మోస్తాయి. తగ్గింది ఎలక్ట్రాన్ల వంతు. అది అతుకు తప్పు ఎట్లా అవుతుంది?

వ్యాసం సోమవారం పంపించేశాము. డిసెంబరులో పుణెలో జరిగే సదస్సులో దీని మీద నేను మాట్లాడాలి. నాలుగేళ్ల పని. నీ షాపులోలాగా ప్రతి అతుకునూ సబ్బు నురుగు పూసి చూసే తీరిక ఇక్కడ ఎవరికీ లేదు.

నువ్వు మోటార్లు చూసుకో.

సుమలత

---

బెంగుళూరు
4 నవంబరు 2001

అన్నా,

ఇది మూడో ఉత్తరం. సిరిసిల్లకు ఒకటి, కోరుట్లకు ఒకటి రాశాను, జవాబు లేదు. దసరాకు కూడా నీ నుంచి కార్డు రాలేదు. కోపం వస్తే తిట్టు. పోస్టుకార్డు మీద తిట్టినా సరే, పోస్టుమాన్ చదివినా సరే.

ఆ ఉత్తరం పోస్టులో వేసిన రోజు నుంచే నీ ప్రశ్న చేపముల్లులాగా పట్టుకుంది. ఎలక్ట్రాన్ల వంతు మాత్రమే తగ్గితే అది అతుకు తప్పు ఎట్లా అవుతుందని నిన్నే అడిగాను కదా. నెల తరువాత జవాబు నాకే తట్టింది. వెండి అతుకు బలహీనంగా ఉంటే హీటరు వేడి స్ఫటికపు వణుకులోకి పోతుంది గాని ఎలక్ట్రాన్ల దాకా రాదు. మామూలుగా వణుకు నుంచి ఎలక్ట్రాన్లు తీసుకుంటాయి. అంత చలిలో ఆ రెండింటికీ మాటలు తెగిపోతాయి. ఎలక్ట్రాన్లు మోయడానికి సిద్ధంగానే ఉన్నాయి. మేమే వాటి చేతికి అందించలేదు.

అతుకులను కరెంటు పెట్టి కొలిచాను. ఉండవలసిన దానికన్నా వెయ్యి రెట్లు ఎక్కువ అడ్డు. ఉన్న అతుకులు తీసేసి, స్ఫటికాన్ని శుభ్రం చేసి, కొత్త వెండి పెట్టి, ఆక్సిజన్ పారే కొలిమిలో ఐదువందల డిగ్రీల దగ్గర కాల్చాను. మళ్లీ చల్లబరచడానికి పది రోజులు పట్టింది. అన్నా, వేడి ఉంది. ఉండవలసినంత ఉంది.

సార్ గదికి పోయి చెప్పాను. కొత్త గ్రాఫును పాతదాని పక్కన పెట్టి చూశారు.

"అతుకులు చూడమని ఎవరు చెప్పారు?"

"మా అన్న సార్."

"ఏ లాబ్‌లో ఉంటారు?"

"కోరుట్లలో సార్. ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు."

కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని ఉత్తరం టైపు చేసి తీసుకురా. ఇద్దరం సంతకం పెడదాం" అన్నారు. పుణె ప్రసంగం పోయింది. నాలుగేళ్లలో దొరికిన ఒకే ఒక్క గొప్ప విషయం, గొప్ప విషయం కాదని తేలింది. ఏడుపొచ్చింది. ఆ తరువాత ఆకలి వేసింది.

నీ మీద విసుక్కున్నందుకు సిగ్గుపడుతున్నాను. ఎక్కడున్నావో ఒక్క ముక్క రాయి.

సుమ

---

జగిత్యాల
20 నవంబరు 2001

చెల్లె,

నీ మూడు ఉత్తరాలూ అందాయి. కోపం రాలేదు. రాయడానికి చేతికి మాట రాలేదు.

సెప్టెంబరు పదో తారీఖున నర్సింగమన్న తన ప్రాణం తనే తీసుకున్నాడు. అప్పటికి రెండు వారాలుగా నాలుగు మగ్గాలూ నిలిచే ఉన్నాయి. ముందు రోజు సాయంత్రం ఇద్దరం గడప మీద కూర్చుని చాయ్ తాగాము. "ఏందన్నా, సప్పుడు జేస్తలేవు?" అన్నాను. "ఏం లేదు తమ్మీ, మగ్గాలు ఆగినంక ఇంట్ల నా మాట నాకే గట్టిగ ఇనబడుతున్నది" అన్నాడు. నేను నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. మోటారు చప్పుడులో గింజంత తేడా వచ్చినా నేను పట్టుకుంటాను. ఆ మాటలో ఉన్నది పట్టుకోలేకపోయాను. పొద్దున అందరితో పాటు పాడె నేనూ మోశాను.

మగ్గాలను పాత ఇనుము కింద తూకానికి తీసుకుపోయారు. మోటార్లు నేనే విప్పి ఇచ్చాను. వేరేవాడు విప్పితే మరలు పాడుచేస్తాడని. ఎవరి కోసం మరలు కాపాడానో నాకే తెలియదు. సారక్క వదినె పిల్లలను తీసుకుని తమ్ముడితో భీవండి పోయింది. అక్కడ మగ్గాలు నడుస్తున్నాయట. బస్సు ఎక్కేటప్పుడు, "నువ్వు గూడ ఏడికన్న పో తమ్మీ, గీడ ఉంటే మనిషి ఎండుకపోతడు" అన్నది.

నీకు చెప్పనిది ఇంకొకటి ఉంది. షాపు మార్చిలోనే మూసేశాను. ఊళ్లో సగం మంది మస్కట్, దుబాయి పోయారు. ఉన్నవాళ్లకు వానలు లేక ఫ్రిజ్ మీద ధ్యాస లేదు. బోర్డు దించి ఇంట్లో అటక మీద పెట్టాను. నువ్వు చదువు మధ్యలో వదిలేసి వస్తావని చెప్పలేదు. నాకు తెలుసు, వచ్చేదానివే.

ఇప్పుడు జగిత్యాలలో గల్ఫ్ ఏజెంటు ఆఫీసు మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. మస్కట్‌లో ఏసీ మెకానిక్ పని. పాస్‌పోర్టు ఇచ్చాను. జనవరి ఆఖరుకు ప్రయాణమంటున్నారు. నా పక్కన పెగడపల్లి నుంచి వచ్చిన ఎర్రయ్య అనే పెద్దాయన కూర్చున్నాడు. మూడోసారి పోతున్నాడట. "గాడ ఎండ గట్టిగుంటదా?" అంటే, "ఎండకేంది, గీడ లేదా" అన్నాడు.

అతుకు సంగతి నిజమైందని చదివి చాలా రోజుల తరువాత నవ్వాను. మీ సార్‌కు నా నమస్కారం చెప్పు. వాళ్లింట్లో ఫ్రిజ్ చెడిపోతే కార్డు రాయమను. జనవరి లోపల.

సతీశ్

---

బెంగుళూరు
27 నవంబరు 2001

అన్నా,

నీ ఉత్తరం చదివి కిందికి దిగి, ఎవరూ లేని చోట కాసేపు కూర్చుని వచ్చాను. ఆ దుప్పటి మాట నువ్వు రాసినప్పుడు నేను నవ్వి మడిచి పెట్టేశాను. ఆయనకు ఒక్క ముక్క జవాబైనా రాయలేదు.

నీది తప్పు కాదు. ఇంతకన్నా ఏం రాయాలో నాకు తెలియదు. ఎదురుగా ఉంటే పక్కన కూర్చునేదాన్ని.

ఇప్పుడు నేను రాసేది చివరిదాకా చదివాకే లేవాలి.

మా యంత్రాన్ని చల్లబరచడానికి ద్రవ హీలియం కావాలి. కింది అంతస్తులో హీలియం వాయువును ద్రవం చేసే ప్లాంటు ఉంది. కంప్రెసర్లు, రాగి గొట్టాలు, వాల్వులు, ఎక్కడెక్కడో కారిపోయే గ్యాసు. నువ్వు చూస్తే, ఇది నా షాపే గాని కొంచెం పెద్దది అంటావు. అందులో మెకానిక్ ఒకరు రిటైరయ్యారు. ఆ ఉద్యోగానికి ప్రకటన వేశారు. జనవరి ఏడున ఇంటర్వ్యూ. ఐటీఐ ఉండాలి, ఐదేళ్ల అనుభవం ఉండాలి. నీకు రెండూ ఉన్నాయి. మొదట ఏడాది కాంట్రాక్టు.

ఈ మాట ఎత్తింది నేను కాదు, సార్. "మీ అన్నయ్యకు సర్టిఫికెట్ ఉందా? ఉంటే అప్లికేషన్ పెట్టమను. నేను మాత్రం ఆ రోజు ఇంటర్వ్యూ గదిలోకి రాను. నాకు ఆయన ఎవరో తెలుసు కాబట్టి" అన్నారు. అంటే వస్తే నీ చేతి పనితో వస్తుంది. రాకపోతే మస్కట్ ఎట్లాగూ ఉంది. ఫారం ఈ కవరులోనే పెట్టాను.

నేను కూడా ఒకటి దాచాను. నా ఫెలోషిప్ మార్చితో అయిపోతుంది. వెనక్కి తీసుకున్న వ్యాసంతో పాటు ఏడాది పోయింది. థీసిస్‌కు ఇంకో స్ఫటికం కొలవాలి. ఆ పని మార్చిలోపు కాదు. ఏప్రిల్ నుంచి ఎక్కడుంటానో నాకూ తెలియదు. మనిద్దరం ఒకరికొకరం క్షేమమని రాసుకుంటూ ఎంత బాగా అబద్ధమాడామో చూడు.

సుమ

---

కోరుట్ల
9 డిసెంబరు 2001

చెల్లె,

ముద్ర చూసుకో, కోరుట్లదే.

చెల్లె ఉన్న చోట పనికి చేరితే నలుగురూ ఏమంటారని మూడు రోజులు ఆలోచించాను. నాలుగో రోజు అవ్వ విసిగిపోయింది. "ఏ నలుగురురా? మన ఇంటికి గా నలుగురు ఎన్నడన్న వచ్చిండ్రా?" అన్నది. మళ్లీ ఆమే, "మస్కట్ల జరమొస్తే నీకు నీళ్లెవ్వలిస్తరు? గాడనైతే అది ఇస్తది. తిట్టుకుంటనే ఇస్తది గని ఇస్తది" అన్నది.

నిన్న జగిత్యాల పోయి పాస్‌పోర్టు వెనక్కి తెచ్చుకున్నాను. ఏజెంటు నన్ను పిచ్చివాడిని చూసినట్టు చూశాడు. ఇంటర్వ్యూలో రాకపోతే మళ్లీ అదే మెట్లు ఎక్కాలి. అప్పుడు ఇంకా బాగా చూస్తాడు.

నాకు రెండు షరతులు. ఒకటి, ఇంటర్వ్యూ అయ్యేదాకా నేనెవరో నీకు తెలియదు. రెండు, ఎదురుపడితే నిన్ను మేడం అంటాను, నువ్వు నవ్వకూడదు.

ఇంగ్లీషులో అడిగితే ఏం చేయాలో మాత్రం తెలియడం లేదు. కంప్రెసర్‌కు ఏ భాషా రాదు, అదే ధైర్యం.

సతీశ్

---

జగిత్యాల
10 ఏప్రిల్ 2002

అన్నా,

మేడం రాస్తున్నది. వారం రోజులుగా నేను ఇక్కడి ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నిజంగానే మేడం. నువ్వు కారిడార్‌లో అన్నప్పుడు వచ్చిన నవ్వు ఇప్పుడు రావడం లేదు. అరవై మంది ఒకేసారి అంటారు.

పొద్దున కోరుట్లలో బస్సెక్కడం, నాలుగు క్లాసులు చెప్పడం, ఇంటికి వచ్చి థీసిస్ రాయడం. అవ్వ పక్కన కూర్చుని బీడీలు చుడుతుంది. నేను ఒక పేజీ రాసేలోపు ఆమె ఒక కట్ట పూర్తి చేస్తుంది. "నీది ఇంక కాలేదా?" అని అడుగుతుంది.

ఇక్కడి నుంచి నువ్వు అక్కడికి పోయావు, అక్కడి నుంచి నేను ఇక్కడికి వచ్చాను. మన ఇద్దరిలో ఒకరిని కోరుట్ల వదిలేటట్టు లేదు.

నీ ఇంటర్వ్యూ సంగతి మీ ప్లాంటు ఇంజనీరు అందరికీ ఇంకా చెబుతున్నాడట, సార్ రాశారు. వాళ్లు ఇంగ్లీషులో ఏదో అడుగుతుంటే నువ్వు చెయ్యెత్తి ఆపి, "సార్, ముందు ఆ మూల వాల్వు మూయండి, గ్యాసు పోతోంది" అన్నావట. ఇన్నాళ్లూ నాకు చెప్పలేదు. ఇంకా ఏమేం దాచావు?

అసలు పని. రెండో స్ఫటికానికి అతుకులు నేనే కాల్చి పెట్టి వచ్చాను. సార్ ఈ నెలాఖరుకు చల్లబరుస్తారు. హీలియం ఆగకుండా చూడడం నీ వంతు. కొలతలు సార్ తీస్తారు. ఆ అంకెలు నాకు కాపీ చేసి పంపే ఓపిక ఆయనకు లేదు, మీ అన్నయ్య రాస్తారులే అన్నారు. ఒక స్ఫటికంలో వేడి మిగిలితే అది ఆ గింజ గుణమని ఎవరైనా అనవచ్చు. రెండోదానిలోనూ మిగిలితేనే థీసిస్.

సుమ

---

బెంగుళూరు
12 మే 2002

మేడం గారికి,

ఆలస్యానికి క్షమించాలి. చల్లబరచడం మొదలైన నాలుగో రోజు కంప్రెసర్ ఆగింది. ఇంజనీరు ఊళ్లో లేడు. లోపలున్న హీలియం ఆరు గంటలకు మించి రాదు, అది అయిపోతే నీ స్ఫటికం వేడెక్కుతుంది, పని మొదటికొస్తుంది. సార్ వచ్చి ఒక స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నారు. బెల్టు కాదు, నూనె కాదు. చివరికి చూస్తే కంప్రెసర్‌ను చల్లబరిచే నీళ్ల గొట్టంలో చెత్త అడ్డుపడి ఉంది. సిరిసిల్ల మోటార్లలో పత్తి పొట్టు తీసినట్టే తీశాను. నాలుగున్నర గంటలు పట్టింది. సార్ లేచి, "టీ తాగుదామా సతీశ్?" అన్నారు. తాగాము.

అంకెలు వేరే కాగితం మీద ఉన్నాయి. ఇరవై మూడు. దశాంశం ఒక గడి జరిగితే నీ చదువు జరిగిపోతుంది. రెండుసార్లు సరిచూశాను, మూడోసారి సార్ చూశారు. ఫలితం ఏమిటని అడిగితే, "గీత గీయడం మీ చెల్లి హక్కు, నేను గీయను" అన్నారు.

సారక్క వదినె భీవండి నుంచి ఉత్తరం రాయించింది. పిల్లలను బడిలో వేసిందట. ఆమె ఇప్పుడు కండెలు చుట్టడం లేదు, మగ్గమే నడుపుతోందట. "మీ అన్న నేసినట్టె నేస్తున్న" అని రాయించింది. సిరిసిల్ల గడప మీద నవ్వకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది. ఇప్పుడు ఎవరైనా మాట తక్కువ చేస్తే పని ఆపి అడుగుతున్నాను. ఇక్కడి వాళ్లు నన్ను వాగుడుకాయ అనుకుంటున్నారు. అనుకోనీ.

ఎండలో బస్సులో తిరుగుతున్నావు, గొడుగు పట్టుకో.

ప్లాంటు మెకానిక్
సతీశ్

---

కోరుట్ల
19 మే 2002

అన్నా,

నీ కవరు నిన్న మధ్యాహ్నం వచ్చింది. కాలేజీకి సెలవులు. కరెంటు లేదు. గుమ్మం దగ్గర వెలుతురులో చాప వేసుకుని, గ్రాఫు కాగితం పరిచి, ఒక్కొక్క అంకెకూ ఒక్కొక్క చుక్క పెట్టాను. ఇరవై మూడు చుక్కలు. చెమట కాగితం మీద పడకుండా అవ్వ విసనకర్రతో విసిరింది. కాగితం ఎగిరిపోతుందని వద్దన్నాను. ఆమె నా మాట పట్టించుకోకుండా కాగితం మీద తన తంబాకు డబ్బా పెట్టింది.

చుక్కలన్నీ ఒక దారిలోనే వచ్చాయి. ఒక్కటీ కింద పడలేదు. స్కేలు పెట్టి గీత గీసి, ఇక చల్లబడడానికి చోటు లేని ఆ సున్నా దాకా వెనక్కి పొడిగించాను. కొసదాకా పోయేలోపు రెండుసార్లు పెన్సిలు ఎత్తాను. గీత అడుగుకు తగలలేదు. కొంచెం పైన, మొదటి స్ఫటికం ఆగిన చోటుకు దాదాపు సమానంగా ఆగింది. రెండోదానిలోనూ వేడి మిగిలింది అన్నా. గొప్ప కొత్త విషయమేమీ కాదు. పదేళ్లుగా లెక్క చెబుతున్నదే, నిజమని తేలింది. నాకు చాలు.

అవ్వ వంగి చూసింది.

"గీ సుక్కలేంది?"

"వేడి అవ్వా. ఇంత సలిల గూడ గింత మిగిలింది."

"ఎవ్వలు వెట్టిండ్రు?"

"సుక్కలు అన్న పంపినయి. గీత నాది."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, ఆ కాగితాన్ని వేలితో మొదటి చుక్క నుంచి చివరిదాకా ఒకసారి తడిమింది. తరువాత లేచిపోయి పొయ్యి అంటించింది. సాయంత్రం నాలుగింటికి, నలభై నాలుగు డిగ్రీల ఎండలో, మక్కజొన్న గారెలు చేసింది. ఎందుకని అడిగితే, "ఊకెనే" అన్నది. నీ వంతువి కూడా నేనే తిన్నాను.

వదినెకు ఉత్తరం రాసేటప్పుడు నా పేరు కూడా రాయి. ఆయన నాకు దుప్పటి నేస్తానన్నాడని ఆమెకు తెలుసో లేదో. తెలియకపోతే చెప్పు.

గ్రాఫు ఈ కవరులో పెట్టాను, మడత పడకుండా అట్ట మధ్యలో ఉంది. అందిన మర్నాడు పొద్దున సార్ గదికి తీసుకుపోయి ఇవ్వు. ఇచ్చే ముందు నువ్వొకసారి కూర్చుని నిదానంగా చూడు. ఎక్కడైనా అనుమానం వస్తే సార్‌కు ఇవ్వకు, ముందు నాకు రాయి.

నీ చెల్లె
సుమ